భోగి మంటలో పడాల్సిన సీడీల పెట్టె



మిర్చి రేటు గురించి రాయమని నలుగురైదుగురు మెసేజ్ పెట్టారు. రాస్తా. ఇంకో కోత అయ్యాక రాస్తా. ఈ పూట వేరే సంగతి. ఇది చదివాక మీ ఇంట్లో అటక ఎక్కి ఒకసారి చూసుకుంటారని రాస్తున్నా. కొంచెం పెద్దది, పని ఉంటే రాత్రికి చదువుకోండి.

మొన్న భోగికి ముందు రోజు ఇల్లు దులుపుతున్నాం. మా ఇంటావిడ అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దించి వాకిట్లో పడేసింది. "ఇదిగో, పాత సామాను. రేపు మంటలో వేసేయండి" అంది. తెరిస్తే సీడీలు. సినిమా సీడీలు, డీవీడీలు. లెక్కపెడితే 83 డబ్బాలు. పైన ఒక పొర దుమ్ము, అడుగున ఎలుక కొరికిన అట్టలు.

ప్లాస్టిక్ మంటలో వేస్తే ఊపిరాడదని ఏదో చెప్పి తప్పించా గానీ, అసలు కారణం అది కాదు. ఆ 83 డబ్బాలకూ డబ్బులు పెట్టింది నేను. మీకు గుర్తుండే ఉంటుంది, 2007 ఆ ప్రాంతంలో మోసర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మేవాళ్లు. అంతకు ముందు సినిమా సీడీ కొనాలంటే వంద దాటేది, అందుకే అందరం రోజుకు పదో పదిహేనో ఇచ్చి అద్దెకు తెచ్చుకునేవాళ్లం. 28 రూపాయలకు సినిమా సొంతం అంటే ఎవరు ఆగుతారు? మందుల షాపుకు పోయినప్పుడల్లా పక్కన ఫ్యాన్సీ షాపులో ఒకటో రెండో పట్టుకొచ్చేవాణ్ణి. మా నాన్న చూసేవాడు, మా అమ్మ చూసేది, ఇంటి ముందు వేపచెట్టు కింద టీవీ పెడితే సగం బజారు చూసేది. సినిమా సగంలో కరెంటు పోతే సీడీ లోపలే ఇరుక్కుని, మళ్లీ కరెంటు వచ్చేదాకా తీయటానికి లేక, అద్దె సీడీ అయితే రెండో రోజు అద్దె కూడా పడేది. సొంతానికి కొనుక్కోవటానికి అది కూడా ఒక కారణమే.

ఇప్పుడు ప్లేయర్ చచ్చిపోయి ఆరేళ్లయింది. బాగు చేసేవాళ్లు లేరు. సినిమాలు మాత్రం ఉన్నాయి. అంటే ఉన్నట్టా, లేనట్టా?

ఈ ప్రశ్న నాకు మొదటిసారి వచ్చింది ఇక్కడ కాదు, అమెరికాలో. అది చెప్పాలి ముందు.

2019 మే నెలలో పత్తి దుక్కులు తమ్ముడికి అప్పజెప్పి, మా అమ్మాయి కాన్పుకు నేనూ మా ఇంటావిడా అమెరికా వెళ్లాం. టెక్సాస్‌లో డాలస్ పక్కన ప్లేనో అనే ఊరు. ఎండలు మన పల్నాడు ఎండలకు ఏం తీసిపోవు. మా అల్లుడికి సినిమాల పిచ్చి. హాల్లో గోడ పొడుగునా డిస్కులే. చదువుకునే రోజుల నుంచి కొన్నవి, రెండొందలకు పైగా ఉంటాయి. "ఇన్ని ఎప్పుడు చూస్తారు బాబూ" అని అడిగా. "డిస్కు పెట్టి చూడటం మానేశాను మామయ్యా, ఇవన్నీ ఫోన్లోనే ఉన్నాయి" అన్నాడు. నాకు అర్థం కాలేదు. డబ్బాలో ఉన్న సినిమా ఫోన్లోకి ఎట్టా పోద్ది?

ఆయన ఒక డబ్బా తెరిచి చూపించాడు. బిళ్లతో పాటు లోపల ఒక చిన్న కాగితం చీటీ. దాని మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక కోడ్. డిస్కు కొన్నవాళ్లు ఆ కోడ్‌ను కంపెనీ వాళ్ల సైటులో కొడితే, అదే సినిమా వాళ్ల ఖాతాలో పడుతుంది. ఇక డిస్కు పెట్టక్కర్లేదు. ఇంటర్నెట్ ఉంటే ఫోన్లో, టీవీలో, ఎక్కడ కావాలంటే అక్కడ చూడొచ్చు. డిస్కు ఒకటే కొన్నాం, రెండు రకాలుగా వచ్చింది. జనం డిస్కులు కొనటం మానేస్తున్నారని, కొనేవాళ్లకు కొసరుగా ఇది పెట్టారన్నమాట. మనకు ఎరువు బస్తాతో టార్చిలైటు ఇచ్చినట్టు.

అయితే ఒక్కో సినిమా కంపెనీ ఒక్కో షాపుతో పెట్టుకుంటే కొన్నవాడు పది చోట్ల వెతుక్కోవాలి. అందుకని చాలా కంపెనీలు కలిసి 2011లో అల్ట్రావయొలెట్ అని ఒకటి పెట్టాయి. డిస్నీ వాళ్లు మాత్రం అందులో చేరలేదు. ఆ అల్ట్రావయొలెట్ ఏంటో అల్లుడు అరగంట చెప్పినా నాకు ఎక్కలేదు. చివరికి నేనే ఒక మాట అన్నా: "అంటే మన అడంగల్ లాంటిది అనుకోనా?" ఆయన పుట్టింది గుంటూరు టౌన్‌లో, అడంగల్ ఎప్పుడూ చూడలేదు. నేను చెప్పాక, "కరెక్ట్ మామయ్యా, అదే" అన్నాడు. అందులో సినిమా ఉండదు. ఫలానా సినిమా ఫలానా మనిషిది అనే రాత మాత్రం ఉంటుంది. సినిమా ఆడించేది వేరే షాపులు. పొలం పొలంలోనే ఉంటుంది, పేరు పుస్తకంలో ఉంటుంది. అట్టాంటిదే.

మరి ఆ పుస్తకమే మూసేస్తే?

సరిగ్గా అదే జరుగుతోంది మేం వెళ్లేటప్పటికి. 2019 జనవరి చివర్లోనే ప్రకటన ఇచ్చారు, జులై 31తో అల్ట్రావయొలెట్ మూసేస్తున్నామని. ఈలోగా మీ ఖాతాను సినిమాలు ఆడించే షాపుల ఖాతాలకు కలుపుకోండి, కలుపుకుంటే మీ సినిమాలు అక్కడ ఉంటాయి అని మెయిల్స్. దానికి బదులుగా 2017 అక్టోబర్‌లో మూవీస్ ఎనీవేర్ అని ఇంకొకటి వచ్చింది. డిస్నీ, వార్నర్, యూనివర్సల్, సోనీ, ఫాక్స్, ఈ ఐదు కంపెనీల సినిమాలు అందులోకి వస్తాయి. పారామౌంట్ లాంటి వాళ్లవి రావు. ఒక షాపులో కొన్నది ఇంకో షాపు ఖాతాలో కూడా కనపడుతుంది. బాగానే ఉంది. కానీ మా అల్లుడు అరవైకి పైగా చీటీలు అసలు కోడ్ కొట్టకుండానే డబ్బాల్లో వదిలేశాడు. బద్ధకం. చదువుకున్నవాళ్లకు కూడా ఉంటుందండీ.

జూన్ నెలాఖరులో మనవడు పుట్టాడు. రాత్రిపూట ఒకటే ఏడుపు. అమ్మాయికి నిద్ర ఉండాలని పదింటి నుంచి రెండింటి దాకా పిల్లాణ్ణి నేను ఎత్తుకునేవాణ్ణి. అల్లుడు కంప్యూటర్ ముందు, నేను భుజాన పిల్లాణ్ణి వేసుకుని పక్కన కుర్చీలో. చీటీ చూసి కోడ్ చదవటం నా డ్యూటీ. "బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ, తర్వాత సున్నానో ఓ నో తెలీట్లేదు బాబూ." అట్టా మూడు రాత్రుళ్లు. చీటీల మీద గడువు తేదీ కూడా రాసి ఉంటుంది. గడువు అయిపోయినవి కొన్ని తీసుకుంది, కొన్ని తీసుకోలేదు. ఎందుకు తీసుకుందో, ఎందుకు తీసుకోలేదో అల్లుడికీ తెలీదు. ఒక్కోటి తీసుకున్నప్పుడల్లా బొమ్మ వచ్చి తెర మీద వరసలో నిలబడేది. నేను పంటల బీమా డబ్బులు పడ్డప్పుడు బ్యాంకు మెసేజ్ చూసినంత సంతోషంగా చూసేవాణ్ణి, అది నా సినిమా కాకపోయినా.

చీటీ లేని పాత డిస్కులకూ ఒక దారి ఉంది. దాని పేరు డిస్క్ టు డిజిటల్. 2012లో వాల్‌మార్ట్ షాపుల్లో మొదలుపెట్టినప్పుడు డిస్కులు సంచిలో వేసుకుని షాపుకే పోవాలట. వాళ్లు చూసి, ఖాతాలో వేసి, అదే డిస్కు ఇంకొకడు తేకుండా బిళ్ల మీద ముద్ర కొట్టి ఇచ్చేవాళ్లట. ఓటేస్తే వేలికి సిరా పెట్టినట్టు. తర్వాత్తర్వాత ఫోన్‌తో డబ్బా వెనక గీతలు స్కాన్ చేస్తే చాలు. ఉన్న నాణ్యతలోనే కావాలంటే 2 డాలర్లు, మామూలు డీవీడీకి బదులు మంచి హెచ్‌డీ బొమ్మ కావాలంటే 5 డాలర్లు. పక్కింటివాడి డిస్కులు, షాపులో డిస్కులు స్కాన్ చేయకుండా, మన ఇంటి అడ్రస్ దగ్గర ఉంటేనే పని చేసేట్టు పెట్టారు.

ఇది చూడగానే నా బుర్ర మన ఊరి అటక మీదకు పోయింది. 83 డబ్బాలు. డబ్బాకు 2 డాలర్లంటే అప్పటి లెక్కన 140 రూపాయలు. 28 రూపాయల సీడీకి 140 ఎక్కువే గానీ, అమ్మకు ఇష్టమైన ఒక పది సినిమాలకైనా పెట్టొచ్చు కదా అనుకున్నా. అల్లుడి దగ్గర ఇండియన్ షాపులో కొన్న తెలుగు డీవీడీలు ఏడెనిమిది ఉన్నాయి. ఒకటి స్కాన్ చేయమన్నా. చేశాడు. లేదంది. ఇంకోటి. లేదు. అన్నీ అయిపోయాయి. డబ్బాలు తెరిస్తే చీటీలూ లేవు. "మనవాటికి ఈ ఏర్పాటు లేదు మామయ్యా" అన్నాడు.

ఆ రాత్రి నేను ఇంకో మాట అడిగా. "సరే బాబూ, మీరు కోడ్ కొట్టారు, సినిమా ఖాతాలో పడింది. అది మీదేనా? మీ తర్వాత వీడికి వస్తుందా?" అని భుజాన ఉన్నవాణ్ణి చూపించా. ఆయన కాసేపు ఆగి, "కొన్నట్టే గానీ కొన్నట్టు కాదు. చూసుకోటానికి లైసెన్సు అంతే. డిస్కు అయితే మనది. అమ్ముకోవచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు. ఇది అట్టా కుదరదు" అన్నాడు.

ఇది మనకు తెలియని సంగతా? విత్తనం సంగతే. మా నాన్న రోజుల్లో వరి కోసినప్పుడు మంచి మడి చూసి విత్తనాలకు ఉంచుకునేవాళ్లు. పక్క ఊరివాడికి రెండు బస్తాలు ఇచ్చి వాడి దగ్గర కందులు తెచ్చుకునేవాళ్లు. అది డిస్కు. హైబ్రిడ్ ప్యాకెట్ అట్టా కాదు. ఆ ఏడాదికి పంట వస్తుంది, దాని గింజ మళ్లీ వేస్తే మొక్కకో రకంగా వస్తుంది. చాలా ఏళ్లు మనం కొన్న పత్తి ప్యాకెట్ ధరలో విత్తనం ధర వేరు, లోపలి టెక్నాలజీకి కట్టే రాయల్టీ వేరు. మన దేశంలో 2001 చట్టం ఒకటి ఉంది, మొక్కల రకాల మీద హక్కుల గురించి. రైతు తన పంటలో వచ్చిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. విత్తనం విషయంలో మనకు రాసిపెట్టిన ఆ మాత్రం హక్కు, అంత పెద్ద దేశంలో సినిమా కొన్నవాడికి కోడ్ మీద లేదు. ఇది అల్లుడికి చెబితే నవ్వాడు. తర్వాత ఆలోచించాడు కూడా.

మొన్న సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చిందట. ఇంటర్నెట్‌లో సినిమా, పాట, పుస్తకం, గేము ఇట్టాంటివి లైసెన్సుగా మాత్రమే ఇస్తూ "కొనండి" అనే మాట ఉత్తగా వాడకూడదు. ఇది లైసెన్సు మాత్రమే అని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. చెప్పినంత మాత్రాన సినిమా మనదైపోదు గానీ, కనీసం ఏం కొంటున్నామో తెలుస్తుంది. ప్యాకెట్ మీద మొలక శాతం వేసినట్టు.

సరే, ఊరికి వద్దాం. వచ్చేటప్పుడు అల్లుడు మా ఊరి పిల్లల కోసం రెండు కార్టూన్ డీవీడీలు ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ప్లేయర్లో పెడితే (అప్పటికి అది ఇంకా బతికే ఉంది) ప్రాంతం వేరు అని రాసి ఆగిపోయింది. అమెరికా డీవీడీలకు ఒకటో నంబరు, మనకు ఐదో నంబరు అట. సినిమాకు కూడా వీసా కావాలన్నమాట. ఆయన ఖాతా నా ఫోన్లో పెట్టాడు, ఆ మూవీస్ ఎనీవేర్ కూడా అమెరికాలో తప్ప నడవదు. ప్లేనోలో నేను చదివిన కోడ్ల సినిమాలు నర్సరావుపేట దాటి రాలేదు.

మీరు అడగొచ్చు, ఇప్పుడు ఫోన్లో అన్నీ వస్తున్నాయి కదా, ఈ గోలంతా ఎందుకని. నిజమే. చాలా వస్తాయి. కానీ ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండదు. ఒక యాప్‌లో సగం చూసి రెండో రోజు వెతికితే ఇంకో యాప్‌లోకి పోయి ఉంటుంది, దానికి మళ్లీ డబ్బులు. మాయాబజార్ సంగతే చూడండి. 1957లో వచ్చిన సినిమా, 2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు. రంగులది నిడివి తక్కువ. టీవీలో అది వస్తే మా అమ్మ "ఇదేందిరా, పద్యం మింగేశారు" అంటుంది. ఆమెకు కళ్లు సరిగా కనపడవు, రంగులున్నా లేకపోయినా ఒకటే. చెవులతో చూస్తుంది సినిమా. పెట్టెలో ఉన్నది పాత తెలుపు నలుపుది. అందుకే భోగి మంటలో వేయలేదు.

పండగ మూడు రోజులూ అయ్యాక మా తమ్ముడి కొడుకుని పిలిచా. డిగ్రీ చదువుతున్నాడు. "ఇవి ఫోన్లోకి ఎక్కించే దారి చూడరా" అన్నా. వాడు నర్సరావుపేట నుంచి కంప్యూటర్‌కి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి తెచ్చాడు, 1,350 రూపాయలు. వాడి లాప్‌టాప్‌కి తగిలించి కూర్చున్నాం. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తా, మీకు పనికొస్తుంది.

వీసీడీకి తాళం ఉండదు. డ్రైవ్‌లో పెట్టి తెరిస్తే లోపల కొన్ని ఫోల్డర్లు కనపడతాయి. అందులో ఎంపెగ్ఏవీ అనే దాంట్లో డాట్ అని చివర ఉండే పెద్ద ఫైలు ఒకటి ఉంటుంది. అదే సినిమా. దాన్ని మామూలుగా కాపీ చేసి పెట్టుకోవటమే. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్లో ఆడుతుంది, కంప్యూటర్లోనూ ఫోన్లోనూ. ఒక్కో బిళ్లలో 74 నుంచి 80 నిమిషాలే పడుతుంది కాబట్టి మన సినిమాలకు రెండు మూడు బిళ్లలు ఉంటాయి. అన్నీ కాపీ చేసి ఒకటి, రెండు అని పేరు పెట్టుకోండి, లేకపోతే క్లైమాక్స్ ముందు చూస్తారు. సినిమాకు దాదాపు ఒకటిన్నర జీబీ. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో నలభై సినిమాలు దాకా పడతాయి. బొమ్మ పెద్ద టీవీలో మసకగా ఉంటుంది. మనం కొన్నదే అంత, పెరగదు.

డీవీడీలకు చాలావాటికి తాళం వేసి ఉంటుంది. అది పగలగొట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని మావాడు అన్నాడు. వద్దన్నా. మన కాపీరైటు చట్టం సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, తాళాలు తీయటం మీద వేరే సెక్షన్ ఉంది, 2012లో చేర్చారు. అది ఎక్కడిదాకా వర్తిస్తుందో చెప్పటానికి నేను ప్లీడర్ని కాదు. పైగా డ్రైవ్ ఉందిగా, డీవీడీ అందులోనే పెట్టి టీవీకి వైరు కలిపి చూస్తే సరిపోతుంది. ఇంకో సంగతి, కాపీ చేసినవి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మన ఇంట్లో మనం చూడటం వేరు, పంచటం వేరు. పాతది అయినా అది ఎవరో డబ్బు పెట్టి తీసిన సినిమా.

బిళ్లలు మురికిగా ఉంటే రెండు చుక్కల సబ్బు నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవకూడదు. మధ్య నుంచి అంచుకు నేరుగా లాగాలి. 83 డబ్బాల్లో 71 శుభ్రంగా వచ్చాయి. పదిహేడు పద్దెనిమిదేళ్లు అటక మీద, రేకుల వేడికి ఉండి, ఎలుకల పక్కన ఉండి 71 వచ్చాయంటే నాకే ఆశ్చర్యం వేసింది.

ఇక పెట్టె అడుగున ఉన్నదాని గురించి చెప్పాలి. ఇదంతా రాసింది దానికోసమే.

డబ్బా లేకుండా, పాలిథిన్ కవర్లో రెండు బిళ్లలు. మీద స్టిక్కర్, స్టిక్కర్ మీద బాల్‌పెన్నుతో "శ్రీరామనవమి 2007, హరిశ్చంద్ర" అని. మా నాన్న చేతిరాత.

పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది మన రామాలయం ముందు సత్యహరిశ్చంద్ర నాటకం మన ఊరివాళ్లే వేశారు. మా నాన్న నక్షత్రకుడు. అప్పటికి ఆయనకు అరవై ఆరు. హరిశ్చంద్రుడి వెంటపడి విశ్వామిత్రుడి అప్పు వసూలు చేసే వేషం. ఆ ఏడు నాన్న పేరు మీద సొసైటీలో, బయటా కలిపి ఉన్న అప్పు తక్కువేం కాదు. పగలు ఆయన దగ్గరకు వచ్చి అప్పు అడిగిన మనిషే రాత్రి ముందు వరసలో కూర్చుని, ఈయన స్టేజీ మీద అప్పు అడుగుతుంటే పడీపడీ నవ్వాడు. ఆ సంగతి నాన్న చాలా రోజులు చెప్పుకున్నాడు. పట్నం నుంచి వీడియో అతన్ని పిలిచి తీయించారు. చందాలేసి నాలుగు సెట్లు సీడీలు చేయించారు. 2011లో నాన్న పోయాడు. ఫోటోలు ఉన్నాయి. ఆయన కదిలేది, మాట్లాడేది ఇంకెక్కడా లేదు. మా అమ్మాయి పెళ్లి ఆయన పోయాక జరిగింది.

మొదటి బిళ్ల పెట్టాం. కొంచెం సతాయించింది గానీ కాపీ అయింది. అమ్మను మంచం మీద కూర్చోబెట్టి ఫోన్ చెవి దగ్గర పెట్టా. ముందు హార్మోనియం. తర్వాత మైకులో గరగర. తర్వాత నాన్న గొంతు. అమ్మ ఏం మాట్లాడలేదు. అడవి సీన్లో నాన్న కాళ్లు నొప్పులని కూలబడి, ఎత్తుకోమని హరిశ్చంద్రుణ్ణి సతాయించే చోట, జనం నవ్వుతుంటే అమ్మ కూడా నవ్వింది. "ఇంట్లో కూడా ఇంతే" అంది.

రెండో బిళ్ల పెట్టాం. కాశీ సీను మొదలైంది. ఎనిమిది నిమిషాలు. అప్పు తీరాక నక్షత్రకుడు సెలవు తీసుకునే చోటికి ఇంకా రాలేదు. నాన్న పద్యం ఎత్తుకుని, రాగం సగంలో ఉండగా ఆగిపోయింది.

అమ్మ కాసేపు చూసి అడిగింది: "కరెంటు పోయిందేంటిరా పెద్దోడా?"

నేను అవునన్నా. ఏమనాలో తోచలేదు.

వారం రోజులు తిరిగా దాని మీద. కడిగాం. వేరే డ్రైవ్‌లో పెట్టాం. గుంటూరులో ఒక షాపులో చూపించాం. అక్కడి కుర్రాడు వెలుతురుకు పెట్టి చూపించాడు, స్టిక్కర్ ఒక పక్కన లేచినచోట మెరిసే పొర కూడా లేచిపోయింది, అవతలి వెలుతురు కనపడుతోంది. సమాచారం ఉండేది ఆ పొర దగ్గరే, కింద ఉన్న మందపాటి ప్లాస్టిక్‌లో కాదట. కింద గీత పడితే కొంత బాగుచేయొచ్చు, పైపొర పోతే ఇక లేదు. ఇంకోటి కూడా చెప్పాడు. కంపెనీ సినిమా సీడీలు అచ్చు కొట్టినవి, గట్టివి. స్టూడియోలో రాసిచ్చే సీడీలు రంగు పూత మీద రాసినవి, ఎండకూ వేడికీ ఆ పూత పోతుంది. అందుకే 28 రూపాయల సినిమాలు 71 బతికాయి, నాన్న బిళ్ల బతకలేదు.

వీడియో తీసినతన్ని వెతికి పట్టుకున్నా. పెద్దవాడయ్యాడు, స్టూడియో కొడుకు చూస్తున్నాడు. పాపం ఆయన బాగానే మాట్లాడాడు. అప్పట్లో క్యాసెట్లు ఖరీదు, సీడీ చేసిచ్చాక దాని మీదే ఇంకో పెళ్లి తీసేవాళ్లం అన్నాడు. ఆయన్ని అనటానికేం లేదు.

సినిమాలకైతే ఎక్కడో ఒక మూల ఇంకో కాపీ ఉంటుంది. అమెరికాలో డబ్బా వెనక గీతలు స్కాన్ చేస్తే దొరికేది అందుకే. అసలు ప్రతి వాళ్ల దగ్గర ఉంది కాబట్టి. దీనికి గీతలెక్కడివి? ఉన్నది నాలుగు సెట్లు. ఒకటి మాది. ఒకటి గుడిలో ఉండేది, గుడి మళ్లీ కట్టినప్పుడు సామానుతో పాటు పోయింది. మూడోది హరిశ్చంద్రుడు వేసినాయన ఇంట్లో ఉండాలి. ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్ చేస్తే వచ్చినప్పుడు వెతుకుతా అన్నాడు, శివరాత్రికి వస్తాడట. నాలుగోది ఎవరికి ఇచ్చారో ఎవరికీ గుర్తులేదు. హార్మోనిస్టుకు అని ఒకరు అంటారు, కాదు చంద్రమతి వేసిన ఆర్టిస్టు పట్టుకెళ్లిందని ఒకరు. ఆమెది తెనాలి వైపు, పేరు కూడా సరిగా చెప్పేవాళ్లు లేరు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఆ నాలుగో సెట్టు ఉంటే, లేదా ఎవరి దగ్గర ఉందో తెలిస్తే, దయచేసి కబురు చేయండి. బిళ్ల నాకు ఇవ్వక్కర్లేదు. డ్రైవ్ తీసుకుని నేనే వస్తా. రెండో సీడీలో ఎనిమిదో నిమిషం నుంచి చాలు నాకు.

అట్టాగే మీ ఇళ్లలో పెళ్లి సీడీలు, ఓణీల ఫంక్షన్ సీడీలు, పెద్దవాళ్ల షష్టిపూర్తి సీడీలు ఉంటే ఇప్పుడే తీయండి. సినిమాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇవి. స్టిక్కర్ పీకొద్దు, పీకితే పొర కూడా ఊడొస్తుంది. అటక మీద, రేకుల కింద పెట్టొద్దు. వేసవి రాకముందే కాపీ చేయించి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి పిల్లల కంప్యూటర్లో, రెండు చోట్ల ఉంచుకోండి. ఫోన్ ఒక్కదాంట్లో పెట్టి ఊరుకోకండి, అది బోరు గుంటలో పడ్డ రోజు తెలుస్తుంది. నాకు తెలిసింది.

డ్రైవ్ మా ఇంట్లోనే ఉంది. సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా బిళ్లలు తెచ్చుకోవచ్చు, డబ్బులేం అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ మాత్రం మీరే తెచ్చుకోండి. మావాడికి పరీక్షలు, అయినా రెండు రోజులు నేర్పాడు, ఇప్పుడు నేనే చేస్తున్నా. బుధ, గురువారాలు మాత్రం రావొద్దు. మిర్చి కళ్లంలో ఉంది, రాత్రి కాపలా అక్కడే.